గంజిపొడి తిన్నదెవరు

నర్సమ్మ తన తెల్లకోటు కాలరును రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తి, వదిలేసింది. నిటారుగా నిలబడాల్సిన కాలరు తల వాల్చేసింది.

"ఇది కోటా, తడిసిన కోడా?" అంది.

నాన్న ఇస్త్రీపెట్టెను పక్కకు నిలబెట్టి కోటు అందుకున్నాడు. చేతిమడత నలిపి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టాడు. గంజి సరిగా పట్టిన బట్ట కాగితంలా చప్పుడు చేస్తుంది. ఇది చేయలేదు.

"ముసురు కదమ్మా. గాలి నిండా తేమే," అన్నాడు.

"పోయినవారం ఎండే కదయ్యా. అప్పుడూ ఇంతే. ఆస్పత్రిలో రోగులే నన్ను చూసి జాలిపడుతున్నారు."

గోడవారన పీట మీద కూర్చుని చొక్కాలకు ఊడిన బొత్తాలు కుడుతున్న పిచ్చుక తల ఎత్తలేదు. తప్పు ముసురుది కాదని ఆ పిల్లకు తెలుసు. గంజిపొడి డబ్బా ఈమధ్య నింపిన మర్నాటికే తగ్గిపోతోంది. ఉన్నదాన్ని సర్దడానికి నాన్న నీళ్ళు ఎక్కువ పోసి కాస్తున్నాడు. ఆ సంగతి నర్సమ్మకు చెప్పొచ్చు. కానీ చెప్పడం పిచ్చుక వల్ల అయ్యే పని కాదు. బయటివాళ్ళ ముందు ఆ పిల్లకు గొంతు పెగలదు. సన్నగా ఉంటుందనీ, మాట బయటికి రాదనీ అన్న పెట్టిన పేరు పిచ్చుక. నిజం పిచ్చుకలు పొద్దస్తమానం అరుస్తూనే ఉంటాయని అన్నకు తోచలేదు.

"అసలు సంగతి చెప్పమంటారా?" నాన్న గొంతు తగ్గించాడు. తగ్గించినా వెనక వంటగది దాకా వినపడుతుంది. "మా ఇంట్లో ఎవరో గంజిపొడి తింటున్నారు. ఎలుకలైతే నేలంతా చిమ్ముతాయి. ఇది పద్ధతి తెలిసిన ఎలుక. మూత పెట్టి మరీ వెళ్తోంది."

లోపలి గుమ్మం దగ్గర తడి దుప్పటి పిండుతున్న వదిన ఫక్కున నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు. వదిన వైపు, ఎత్తుగా ఉన్న ఆమె పొట్ట వైపు చూసింది.

"ఏమ్మా, నువ్వేనా?"

"నేనా? ఛీ! గంజిపొడి ఎవరన్నా తింటారా?"

"ఎందుకు తినరు? మట్టి తింటారు, సుద్దముక్కలు తింటారు, ఐసుగడ్డలు కరకరా నములుతారు. ఒంట్లో రక్తం తగ్గితే నాలుక అలాంటివే అడుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి మరీనూ. సిగ్గుపడాల్సిందేం లేదు." నర్సమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది. "గుడ్డు, గింజలు, ఆకుకూరలు బాగా పెట్టండి ఈ అమ్మాయికి. దొరికితే మేక కార్జం. నేనిచ్చిన మాత్రలు మానకమ్మా. ఇప్పుడు డ్యూటీకి టైమైంది, ఎల్లుండి వచ్చి చూస్తాను. నిన్నూ చూస్తాను, నా కోటునీ చూస్తాను."

ఆమె వెళ్ళాక అందరూ వదిన వైపు తిరిగారు.

"నేను కాదు మామయ్యా."

"అయితే మాత్రం ఏమైందమ్మాయ్! అడిగితే చక్కెర కలిపి గిన్నెలో పోసి ఇచ్చేవాణ్ణి కదా," అన్నాడు నాన్న. తన హాస్యానికి తనే నవ్వాడు.

అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఒక పాదంతో రెండో కాలి పిక్కను రుద్దుకుంటోంది. అమ్మ కాళ్ళు ఈమధ్య ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే ఇలా ఒకదాన్నొకటి తోముకుంటాయి.

"రా, పొద్దున గుడ్డు సగం వదిలేశావు. తిని వెళ్ళు," అంది వదినతో. ఎవరి మొహమూ చూడకుండా అంది.

*

మధ్యాహ్నం అన్న సైకిలు మీద మూటలు ఇచ్చి వచ్చాడు. పొద్దున దుకాణంలో జరిగిన ముచ్చటంతా నాయనమ్మ అతనికి గుమ్మంలోనే చెప్పేసింది. చెప్పడం మొదలుపెట్టినప్పుడు "ఎవరో" తిన్నారు. చెప్పడం అయ్యేసరికి వదినే తిన్నది.

భోజనానికి కూర్చున్నారు. ఆ ఇంట్లో వడ్డించడానికి ఎవరూ పెట్టని పద్ధతి ఒకటి ఉంది. నాన్న రోజంతా బరువైన ఇస్త్రీపెట్టె ఎత్తుతాడు కాబట్టి మొదట నాన్నకు. సైకిలు తొక్కుతాడు కాబట్టి తర్వాత అన్నకు. వదినకు ఇద్దరి వాటా కాబట్టి గుడ్డూ, పాలూ, ఎప్పుడైనా వస్తే మాంసమూ ఆమెకు. నాయనమ్మకు పళ్ళు లేవు, మెత్తగా కలిపిన అన్నం చాలు. పాలన్నీ వదినకు పోతున్నాయని ఆమె టీ కూడా నల్లగానే తాగుతోంది. పిచ్చుకకు గింజ చాలని నవ్వుతారు. అమ్మకు కారణమంటూ ఏదీ లేదు. అందరికీ పెట్టాక గిన్నె అడుగున ఉన్న కూరనీళ్ళలో అన్నం వేసి కలుపుకుని, పొయ్యి దగ్గర నిలబడి నాలుగు ముద్దలు తింటుంది. తినేటప్పుడు కూడా పిక్క రుద్దుకుంటూనే ఉంటుంది.

వదిన పళ్ళెంలో అమ్మ గుడ్డు పెట్టింది.

"నాకు వద్దు అత్తయ్యా."

"ఎందుకొద్దు? గంజితో కడుపు నిండిందా?" అన్నాడు అన్న.

"నువ్వూ మొదలుపెట్టావా? నేను తినలేదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"తింటే ఒప్పుకోవచ్చుగా. లోపలున్న బిడ్డకి ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత? ఆ పొడి బట్టలకి పెట్టేది, మనుషులకి కాదు."

"అవునా? నాకు తెలియక చొక్కా అనుకున్నా నన్ను నేను," అంది వదిన. మాట వెటకారంగానే వచ్చింది కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం ముందుకు తోసేసింది. "దొంగ అని పేరు పెట్టాక ఇక గుడ్లెందుకు? మీరే తినండి."

"అన్నం ముందు ఏడవకూడదే," అంది నాయనమ్మ. "తిన్నావు, తిన్నావు. ఎవరు వద్దన్నారు?"

ఆ మాటతో వదిన లేచి వెళ్ళిపోయింది. గుడ్డు పళ్ళెంలోనే ఉండిపోయింది. అమ్మ దాన్ని తీసి, గిన్నెలో పెట్టి, మూత పెట్టింది. సాయంత్రానికి మళ్ళీ వదినకే పెట్టడానికి. ఆ మూత మీద అమ్మ చెయ్యి కాసేపు అలాగే ఉంది. వేడి నీళ్ళలో రోజంతా నానే చెయ్యి ఎర్రగా ఉండాలి. అమ్మ అరచెయ్యి మైనం రంగులో ఉంది.

తిన్నాక ఇద్దరూ తడి దుప్పట్ల బక్కెట్టు చెరోవైపు పట్టుకుని డాబా మెట్లు ఎక్కారు, అమ్మా పిచ్చుకా. సగం మెట్లలో అమ్మ ఆగింది. గోడకు చెయ్యి ఆనించింది.

"ఏమైందమ్మా?"

"ఏమీ లేదు. ఈ మెట్లు ఎవరో రోజుకొకటి పెంచుతున్నట్టున్నారు," అంది. నవ్వబోయింది కానీ ఊపిరి అందలేదు. పెదవులు పిండేసిన గుడ్డలా పాలిపోయాయి.

ముసురు తెరిపిచ్చింది, పైన గాలి వీస్తోంది. పిచ్చుక ఒక కొస, అమ్మ ఒక కొస పట్టుకుని దుప్పటి దులిపి తీగ మీద వేశారు. మూలనున్న చిన్న తీగ మీద అమ్మ పొద్దున విడిగా ఉతికి ఆరేసుకున్న గుడ్డలు ఉన్నాయి. అవి ఇంకా ఆరకముందే మళ్ళీ కొత్తవి పక్కన చేరుతున్నాయి. పిచ్చుకకు తన నెల వచ్చిపోయింది. అమ్మది వచ్చి, పోవడం మర్చిపోయినట్టుంది. అడగడానికి నోరు రాలేదు. అమ్మ ఆ గుడ్డల మీదికి ఒక తువ్వాలు లాగి కప్పింది.

"క్లిప్పులు మర్చిపోయా. నేను తెస్తా," అని అమ్మ కిందికి దిగింది.

ఎంతసేపైనా రాలేదు. గాలికి దుప్పట్లు జారిపోతున్నాయి. పిచ్చుక వాటిని ముడివేసి తనే దిగి వచ్చింది. దుకాణానికీ వంటగదికీ మధ్య సబ్బులూ, గంజీ, నీలిమందూ పెట్టుకునే చీకటి కొట్టు ఉంది. తలుపు ఓరగా తీసి ఉంది.

అమ్మ నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్ళో గంజిపొడి డబ్బా. చెయ్యి లోపలికి పెట్టి, వేళ్ళతో వెతికి, పొడిలో గడ్డకట్టిన ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. పటుక్కుమంది. పొడి ఇసుకలో నడిచినట్టు సన్నటి చప్పుడు. పిచ్చుక చూపు అమ్మ కాళ్ళ మీద పడింది. అవి కదలడం లేదు. ఎన్నో రోజుల తర్వాత అమ్మ కాళ్ళు రెండూ ఒకచోట బుద్ధిగా ఉన్నాయి.

ఆ పిల్ల అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వెళ్ళి, క్లిప్పులు లేకుండానే డాబా ఎక్కింది.

*

మర్నాడు దుకాణం తెరవగానే నాన్న పిచ్చుకను కొట్టులోకి పిలిచాడు. చేతిలో చిన్న రోలు ఉంది. నీలిమందు బిళ్ళను అందులో మెత్తగా నూరి పెట్టాడు. డబ్బా మూత తీసి, ఆ పొడిని గంజిపొడిలో వేసి అడుగుదాకా కలిపాడు. కొట్టు చీకట్లో తేడా ఏమీ తెలియడం లేదు.

"పొడిగా ఉన్నంతసేపూ ఇలాగే ఉంటుంది. తడి తగిలిందా, నీలం విచ్చుకుంటుంది. తిన్నవాళ్ళ నాలుక ఆకాశమైపోతుంది," అన్నాడు సంబరంగా. "మన సరుకు కూడా పాడు కాదు. తెల్లబట్టలకి ఎలాగూ నీలం కావాలి కదా. ఎలా ఉంది నా తెలివి?"

పిచ్చుక తల ఊపింది. అవునన్నట్టూ కాదన్నట్టూ కాకుండా ఊపింది.

"ఎవరికీ చెప్పకు. నువ్వైతే నోరు విప్పవని నీకు చెబుతున్నా. మీ వదినకి తెలిస్తే జాగ్రత్తపడుతుంది. పట్టుకుని తిట్టడానికి కాదే, ఒప్పుకుంటే మందైనా ఇప్పించొచ్చు."

నాన్న ఈల వేసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పిచ్చుక బొత్తాల డబ్బా ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కలేదు. మూడో చొక్కాకు బొత్తం తలకిందులుగా కుట్టింది, మళ్ళీ ఊడదీసింది. అమ్మకు చెప్పేస్తే? అమ్మ డబ్బా ముట్టదు. నాలుక నీలం కాదు. పరువు దక్కుతుంది. వదిన దొంగగానే ఉండిపోతుంది, అమ్మ మెట్ల మధ్య ఆగిపోతూనే ఉంటుంది. చెప్పకపోతే? అందరి ముందూ అమ్మ నోరు తెరిపిస్తారు. నాన్న నవ్వుతాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా పోతుంది. నిన్న నర్సమ్మ అన్న మాట పిచ్చుక చెవిలోంచి పోవడం లేదు. ఒంట్లో రక్తం తగ్గితే నాలుక అలాంటివే అడుగుతుంది. ఆ మాట విన్నప్పుడు అందరూ వదిన పొట్టనే చూశారు. అమ్మను ఎవరూ చూడలేదు. తనూ చూడలేదు.

లేచి వంటగదిలోకి వెళ్ళింది. అమ్మ పెద్ద గిన్నెలో నీళ్ళు కాస్తోంది.

"అమ్మా."

"ఊఁ."

"అదీ... కొట్టులో..."

"ఏంటే? చెప్పేదేదో చెప్పు, అలా నీళ్ళు నములుతావేం? హోటలు వాళ్ళ బల్లగుడ్డలు సాయంత్రానికి ఇవ్వాలి."

"ఏమీ లేదు."

చెప్పలేకపోయినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. తిన్నగా కొట్టులోకి వెళ్ళి, డబ్బా తీసి, ఉతకాల్సిన మూటల వెనక దాచేసింది. హమ్మయ్య అనుకుంది. కానీ ఆ నిశ్చింత మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

వదిన పొద్దున నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని రెండు మెతుకులు కతికి లేచింది. అన్న బతిమాలాడు, విసుక్కున్నాడు, మళ్ళీ బతిమాలాడు. "నువ్వు తినకపోతే బిడ్డ కూడా పస్తే" అని నాయనమ్మ అంది. "బిడ్డకి గంజి పెడతాలెండి" అని వదిన అంది. మాటకు మాట ఇచ్చాక గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అమ్మ కొట్టులోకి వెళ్ళింది. మూతలు తీసి పెడుతున్న చప్పుడు. సబ్బులు కిందపడిన చప్పుడు.

"గంజిపొడి డబ్బా ఏదే?"

పిచ్చుక తల దించుకుంది.

"ఇక్కడే ఉండాలిగా! ఎవరు తీశారు? గంజి కాయాలా వద్దా?" గొంతు పెరిగింది. గంజి కాయడానికి ఇంకా చాలా వేళ ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ బయటికి వచ్చింది. నుదుట చెమట పట్టింది. గదంతా కలియదిరుగుతోంది. బల్లకింద చూసింది, చూసిన చోటే మళ్ళీ చూసింది. వస్తువు పోగొట్టుకున్న మనిషిలా లేదు. తనే ఎక్కడో తప్పిపోయిన మనిషిలా ఉంది.

పిచ్చుక చూడలేకపోయింది. మూటల వెనక నుంచి డబ్బా తీసి తెచ్చి ఇచ్చింది.

"ఇక్కడెందుకుంది?"

"అమ్మా, దాంట్లో నాన్న..."

"పిచ్చుకా! నీలం చొక్కా బొత్తాలైపోయాయా?" దుకాణంలోంచి నాన్న కేకేశాడు.

పిచ్చుక వెనక్కి తిరిగి చూసేసరికి కొట్టు తలుపు మూసుకుంది.

*

సాయంత్రం టీ వేళకు అందరూ ఇస్త్రీ బల్ల చుట్టూ చేరారు. బల్లగుడ్డలు మడతపెట్టడం అయిపోయింది. పిచ్చుక గ్లాసులు తెస్తూ వంటగదిలో అమ్మ మొహం చూసింది. కింది పెదవి లోపలి అంచున, సిరాతో గీసినట్టు, నీలం గీత.

గ్లాసులు కింద పెట్టేసింది. కొట్టులోకి వెళ్ళింది. ఆలోచించుకుంటే మళ్ళీ ఏమీ చేయలేదని తెలుసు, అందుకే ఆలోచించలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి దొరికినంత తీసి నోట్లో వేసుకుంది. రుచి లేదు. గోడను నాకినట్టుంది. నోట్లో ఉన్న తడినంతా పీల్చేసి పిడచకట్టింది. దీన్ని అమ్మ కళ్ళు మూసుకుని తినేంత ఆకలి ఎలాంటిదో ఆ పిల్లకు అంతుపట్టలేదు. కష్టంగా మింగింది.

బయట నాన్న అప్పటికే మొదలుపెట్టాడు.

"టీ తాగే ముందు అందరూ ఒకసారి నాలుకలు చూపించాలి. ఆస్పత్రిలో చూపించినట్టు. అమ్మాయ్, ముందు నువ్వు."

"ఇదేం ఆట మామయ్యా?"

"చూపించమ్మా, చెబుతా."

వదిన కోపంగానే నాలుక బయటపెట్టింది. గులాబీరంగులో ఉంది. నాన్న కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. అన్న చూపించాడు.

"నా నాలుక చూసి ఏం చేసుకుంటావురా? దాంతో తిట్టించుకోవడం తెలుసు గానీ, చూడ్డం కొత్త నీకు," అంటూ నాయనమ్మ కూడా చూపించింది.

"పొద్దుపోక ఆటలా?" అంది అమ్మ వంటగదిలోంచి, పొయ్యి వైపు తిరిగి.

పిచ్చుక వచ్చి బల్ల ముందు నిలబడింది. ఎవరూ అడగకముందే నోరు తెరిచింది.

నాలుక నీలంగా ఉంది. నాన్న తన ఎత్తు పారినందుకు నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నువ్వా? పొద్దున నీకు చెప్పే కలిపాను కదే!"

పిచ్చుక నేల చూసింది. అంత దూరం ఆ పిల్ల ఆలోచించలేదు.

"తెలిసి కూడా తిన్నదంటే ఆగలేకే కదా," అంది వదిన. ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. పిచ్చుక గడ్డం పట్టుకుని పైకెత్తింది. "చూడండి ఎలా ఉందో మొహం! ఎదిగే పిల్ల. నెలనెలా పోయేదే గానీ ఒంట్లోకి వచ్చేదేముంది?" మూతపెట్టిన గిన్నెలోంచి మధ్యాహ్నం తను వదిలేసిన గుడ్డు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "తిను. నా ముందు తిను."

అన్న వదిన వైపు చూడలేక సైకిలు గంటను తుడవడం మొదలుపెట్టాడు. నాన్న బల్ల అంచు పట్టుకుని "పిచ్చుకకి గింజ చాలు అనుకున్నామర్రా" అన్నాడు. "రేపు నర్సమ్మ రాగానే చూపిద్దాం."

గుడ్డు చేతిలో పెట్టుకుని పిచ్చుక ఏడుపు బిగబట్టింది. తినలేదు. అమ్మ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

అమ్మ ఇటు తిరిగి ఉంది. కూతురి నీలం నాలుకను చూసింది. చేతిలోని గరిటెను ఎత్తి దాని వెనకవైపు మెరుపులో తన నోరు చూసుకుంది. ఆ తర్వాత మెల్లగా నడిచి వచ్చి బల్ల ముందు, పిచ్చుక పక్కన నిలబడింది.

"అది కాదు. దానికి అబద్ధం చెప్పడం కూడా చేతకాదు," అంది.

నోరు తెరిచి నాలుక బయటపెట్టింది, ఆస్పత్రిలో చిన్నపిల్ల పెట్టినట్టు. అది ముదురు నీలంగా ఉంది, అంచుల దాకా.

ఎవరూ నవ్వలేదు.

నాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. నోటికి తప్పు మాటే దొరికింది.

"నువ్వెందుకు తింటావు? నువ్వు కడుపుతో లేవు కదా?"

"లేను," అంది అమ్మ. "కాళ్ళు నిలవట్లేదయ్యా. లోపల చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. అది నములుతుంటే కాసేపు ఆగుతాయి. అమ్మాయిని అనేటప్పుడు చెప్పేద్దామనే అనుకున్నా. ఈ వయసులో ఇదేం బుద్ధి అంటారని..." వదిన వైపు తిరిగింది. "నన్ను తిట్టు. పడతాను."

వదిన తిట్టలేదు. పీట లాగి "కూర్చోండి అత్తయ్యా" అంది. అమ్మ కూర్చుంది. వెంటనే మోకాలు ఊగడం మొదలైంది. వదిన ఆ మోకాలి మీద తన చెయ్యి పెట్టింది. చెయ్యి కూడా దాంతోపాటు ఊగింది.

*

నర్సమ్మ చెప్పినట్టే వచ్చింది. కోటు ఊసు ఎత్తలేదు. అమ్మను కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి కింది కనురెప్ప లాగి చూసింది. లోపల కాగితంలా తెల్లగా ఉంది. గోళ్ళు చూసింది. ఏదో మెల్లగా అడిగింది. అమ్మ అంతకంటే మెల్లగా జవాబు చెప్పింది. ఎన్నాళ్ళ నుంచి అని నర్సమ్మ మళ్ళీ అడిగింది. అమ్మ భుజాలు ఎగరేసింది.

"ఈ వయసులో మామూలే అనుకున్నానమ్మా."

"ఈ వయసులో అటూ ఇటూ అవుతుంది, నిజమే. ఇంతలా పోతుంటే మాత్రం మామూలు కాదు. రేపు ఆస్పత్రికి రా. రక్తపరీక్ష చేయించి డాక్టరమ్మకి చూపిస్తాను." తర్వాత పిచ్చుక కనురెప్ప లాగింది, పెదవి విరిచింది. నాయనమ్మ మణికట్టు తడిమింది. పోయినేడు ఖాళీ బక్కెట్టు ఎత్తబోతే విరిగిన మణికట్టు అది. బక్కెట్టు ఖాళీగా ఉందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "ఈ పిల్లకీ తక్కువే. పెద్దావిడ ఎముకలకి పాలు కావాలి, మీరేమో నల్ల టీ పోస్తున్నారు. ఈ ఇంట్లో కాస్తో కూస్తో బాగున్న ఆడమనిషి కడుపుతో ఉన్న అమ్మాయి ఒక్కతే."

"మీరు ఆమెకి పెట్టమన్నారు కదమ్మా. పెట్టాం," అన్నాడు నాన్న.

నర్సమ్మ అమ్మ అరచెయ్యి తిప్పి చూసింది. "అన్నాను. నిజమే," అంది. "వారం వారం నా కోటు ఈమె చేతికే ఇస్తున్నాను. కోటు చూసుకున్నాను, చెయ్యి చూడలేదు." మాత్రలు తీసి బల్ల మీద పెట్టింది. "అన్నంతోపాటు టీ తాగొద్దు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఒంటికి పడుతుంది. కార్జం అమ్మాయికి కాదు, ఇప్పుడు నీకు కావాలి. నీలిమందుకి భయం లేదు, రెండ్రోజుల్లో పోతుంది."

ఆ మధ్యాహ్నం నాన్న ఇస్త్రీపెట్టె వదిలి తనే వెళ్ళి కార్జం తెచ్చాడు. తనే వండుతానన్నాడు. అమ్మ అడుగడుగునా అడ్డం వెళ్ళబోతుంటే నాయనమ్మ తన మంచి చేత్తో ఆమెను పట్టుకుని దుకాణంలో పీట మీద కూర్చోబెట్టింది. పళ్ళెం అమ్మ ముందుకు వచ్చింది, అందరికంటే ముందుగా. చుట్టూ అందరూ నిలబడ్డారు.

అమ్మ ముద్ద కలిపింది. నోటిదాకా తెచ్చి దించింది. నీళ్ళు తాగింది. మళ్ళీ కలిపింది. పీట ముందు పాదాలు ఒకదాన్నొకటి తోముకుంటున్నాయి.

"వేడిగా ఉందా?" అన్నాడు నాన్న.

"లేదు."

"వాసన పడలేదా అత్తయ్యా?"

"అదేం కాదు." అమ్మ లేవబోయింది. "మీరందరూ కూర్చోండి, పెడతాను. నేను తర్వాత తింటాలే. ఇలా అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే ముద్ద ఎలా దిగుతుంది? నాకు అలవాటు లేదు."

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాయనమ్మకే ముందు తోచింది.

"అందరూ అటు తిరగండర్రా," అంది.

నాన్న చల్లారిన ఇస్త్రీపెట్టె వైపు తిరిగాడు. అన్న వీధివైపు తిరిగాడు. వదిన కిటికీ వైపు, పిచ్చుక తగిలించి ఉన్న చొక్కాల వైపు తిరిగారు. నాయనమ్మ తనూ గోడవైపు తిరిగి చేతులు కట్టుకుంది. దుకాణం ముందు నుంచి వెళ్తున్న ఒకాయన లోపలికి చూసి, ఇంటిల్లిపాదికీ ఏం శిక్ష పడిందోనన్నట్టు ఆగి, వెళ్ళిపోయాడు.

వెనక చప్పుడు లేదు. చాలాసేపటికి పళ్ళెం మీద వేళ్ళు కదిలిన చప్పుడైంది. నమిలిన చప్పుడైంది.

"ఉప్పెవరేశారు?"

"నేనే," అన్నాడు నాన్న, సగం తిరిగి.

"ఎక్కడేశావయ్యా? ఉప్పు వీధిలోనే పోయినట్టుంది."

"తెస్తానుండు."

"అటే చూడరా!" అంది నాయనమ్మ.

మళ్ళీ వేళ్ళ చప్పుడు. ఈసారి వెంటవెంటనే. పిచ్చుక ముందున్న చొక్కా చేతులు గాలికి కొద్దిగా ఊగుతున్నాయి. ఆ పిల్ల ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. తన చప్పుడుకు అమ్మ ఎక్కడ ఆగిపోతుందోనని.

పళ్ళెం గీకిన చప్పుడైంది.

"ఇంకొంచెం ఉందా?" అంది అమ్మ.

తిరగాలో వద్దో ఎవరికీ తెలియలేదు. కూరగిన్నె పిచ్చుకకే దగ్గర. ఆ పిల్ల గిన్నె తీసుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, పీట కాలికి తగిలేదాకా వెళ్ళింది. తల తిప్పకుండానే గరిటె వెనక్కి చాచి వంచింది. ముక్కలు పళ్ళెంలో పడ్డాయి. రెండో గరిటె వంచింది. చాలు అంటుందేమోనని ఆగింది.

అమ్మ అనలేదు.